కైలాసగిరి నుంచి జోషీమఠ్ దాకా

పర్వతాల పుట్టుక గురించి చదవాలంటే హిమాలయాలకే పోవాలని చాలామంది అనుకుంటారు. నాకు ఆ చదువు విశాఖపట్నంలో, కైలాసగిరి వాలు మీద మొదలైంది. డెహ్రాడూన్ వెళ్లడం, గఢ్వాల్ లోయల్లో తిరగడం, పీహెచ్‌డీ రాయడం అన్నీ ఆ తర్వాతి సంగతులు. రిటైరయ్యాక పాత ఫీల్డ్ నోట్‌బుక్కులు తిరగేస్తుంటే కొన్ని విషయాలైనా రాసి పెట్టాలనిపించింది. ఈ కొండల గురించి నాకు తెలిసినదంతా ఎవరో ఒకరు ఓపిగ్గా పక్కన నిలబడి చూపించిందే. అది నాతోనే ఆగిపోకూడదు.

మాది అనకాపల్లి దగ్గర పల్లె. నాన్న బెల్లం మార్కెట్లో గుమస్తా. 1986లో ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ జియాలజీ సీటు వచ్చిందని చెబితే, "రాళ్లు సదివితే ఏటొస్తాదిరా?" అని అడిగారు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని. మైన్స్‌లోనో సర్వేలోనో ఉద్యోగం వస్తుందని చెప్పాను. అప్పటికి నాకు తెలిసిందీ అంతే. హాస్టల్ ఫీజుకి అమ్మ తన గాజులు తాకట్టు పెట్టిన సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత అక్క చెప్పింది.

అప్పటికి మా డిపార్ట్‌మెంట్‌కి నలభై ఏళ్లు దాటాయి. కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర పనిచేసి వచ్చిన సి. మహదేవన్ గారు నిలబెట్టిన శాఖ అది. మాకు చదువు చెప్పిన పెద్దవాళ్లు ఆయన పేరు ఎత్తేటప్పుడు గొంతు కాస్త తగ్గించేవారు. ల్యాబులో చెక్క సొరుగులు, వాటి నిండా రాళ్లు, ప్రతి రాయి మీదా తెల్ల పెయింటు మచ్చ, దాని మీద నల్ల సిరాతో నంబరు. రాతి ముక్కల్ని గాజుకి అంటించే కెనడా బాల్సమ్ జిగురు వాసన ఇప్పుడు ఎక్కడ తగిలినా నేను ఆ గదిలోకి వెళ్లిపోతాను. రాతి ముక్కని గాజు పలక మీద కార్బొరండం పొడితో అరగదీసి, అరగదీసి 0.03 మిల్లీమీటర్ల మందానికి తేవాలి. ఇంకాస్త అరగదీస్తే మొత్తం పోతుంది. ఆ మందంలో రాయి గాజులా వెలుతురుని వదులుతుంది. మైక్రోస్కోపు కింద పెట్టి వెలుతురుని వడగట్టే నికల్స్ అనే పట్టకాల్ని అడ్డంగా తిప్పితే క్వార్ట్జ్ బూడిద రంగులో, అభ్రకం నెమలిపింఛం రంగుల్లో కనిపిస్తాయి. గార్నెట్ మాత్రం ఎటు తిప్పినా నల్లగానే ఉండిపోతుంది. మొదటిసారి చూసిన రోజు ఆ పలకని ఎన్ని సార్లు తిప్పానో.

విశాఖలో ఎటు చూసినా ఖోండలైటే. ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో వాకర్ అనే శాస్త్రవేత్త పెట్టిన పేరు అది. డాల్ఫిన్స్ నోస్, కైలాసగిరి, సింహాచలం కొండ అన్నీ ఎక్కువగా ఆ రాయే. ఒడిశాలో కోణార్క్ గుడి కట్టింది కూడా దానితోనే. గోధుమ ఎరుపు రంగు, మధ్యలో గార్నెట్ గింజలు, తెల్లగా నారలు నారలుగా సిల్లిమనైట్, అక్కడక్కడా చేతికి నల్లగా అంటుకునే గ్రాఫైట్. బీచిలో అల వెనక్కి తగ్గాక ఇసుక మీద ఎర్రగా నల్లగా చారలు మిగులుతాయి కదా, అవి ఈ కొండల నుంచి వానలకు కొట్టుకొచ్చిన గార్నెట్, ఇల్మెనైట్, సిల్లిమనైట్ రేణువులు. భీమిలి వైపు వెళ్తే ఇంకా బాగా కనిపిస్తాయి.

ఒకరోజు సారు మమ్మల్ని కైలాసగిరి వాలుకు తీసుకెళ్లి, ఒక రాతి గుట్ట దగ్గర ఆపి లెక్క చెప్పారు. ఈ రాయి ఒకప్పుడు నీళ్ల అడుగున పేరుకున్న బంకమట్టి. ఆ బంకమట్టి గార్నెట్, సిల్లిమనైట్ ఉన్న ఈ రాయిగా మారాలంటే భూమిలోకి 25, 30 కిలోమీటర్ల లోతుకు పోవాలి. అక్కడ 800 డిగ్రీలు దాటిన వేడిలో లక్షల ఏళ్లు ఉండాలి. పాడేరు వైపు దొరికే, సఫిరిన్ అనే నీలి ఖనిజం ఉన్న రాళ్లకైతే 900 డిగ్రీలు కూడా చాలవు. "సరే, మట్టి అంత కిందికి ఎలా పోయింది? పోయింది మళ్లీ మన కాళ్ల కిందికి ఎలా వచ్చింది? పైన ఉన్న పాతిక కిలోమీటర్ల రాయి ఎటు పోయింది?" అని అడిగి సారు కొండ దిగడం మొదలుపెట్టారు. జవాబు చెప్పలేదు. హాస్టల్‌కి వచ్చాక నేను, నా రూమ్మేట్ రాత్రి పొద్దుపోయేదాకా దాని గురించే మాట్లాడుకున్నాం. ఇప్పటికీ ఇక్కడ నేల కింద భూపటలం మందం 35 కిలోమీటర్లకు తక్కువ లేదు. పైన పోయిన పాతిక కలిపితే 60 దాటుతుంది. ప్రపంచంలో ఇవాళ అంత మందం ఉన్న చోట్లు టిబెట్, ఆండీస్ లాంటివి కొన్నే. అంటే తూర్పు కనుమలు ఒకప్పుడు టిబెట్‌తో పోల్చదగ్గ ఎత్తైన నేల అన్నమాట. సుమారు వంద కోట్ల సంవత్సరాల కిందటి సంగతి. మనకిప్పుడు కనిపిస్తున్నవి ఆ పర్వతాల అడుగు భాగాలు. నా తర్వాతి ముప్పై ఏళ్లు ఏం చేయాలో ఆ కొండ దిగుతుండగానే నిర్ణయమైపోయింది.

మా సిలబస్ అప్పుడు ఒక సంధికాలంలో ఉండేది. ఒక పేపర్లో జియోసింక్లైన్లు. సముద్రపు తొట్టెలో వేల మీటర్ల మట్టి పేరుకుని, బరువుకి కిందికి దిగి, నలిగి పర్వతమవుతుందని అమెరికాలో జేమ్స్ హాల్, డానా అప్పలేచియన్ కొండల్ని చూసి 19వ శతాబ్దంలో చెప్పిన సిద్ధాంతం. ఇంకో పేపర్లో ప్లేట్ టెక్టానిక్స్. భూమి పైపెంకు పెద్ద పలకలుగా కదులుతూ, అవి ఒకదాన్నొకటి నెట్టుకున్న చోట పర్వతాలు లేస్తాయనే సిద్ధాంతం. పరీక్షలో రెండూ రాయాలి. చాలామందికి విసుగ్గా ఉండేది కానీ రెండూ చదవడం నాకు మేలే చేసింది. పర్వతాలున్న చోట అంతకుముందు మందపాటి సముద్రపు అవక్షేపాలు ఉంటాయని హాల్ గమనించింది అక్షరాలా నిజం. పక్క నుంచి నెట్టేదెవరో ఆయనకు తెలిసే అవకాశం లేదు, అంతే. రాళ్లని సరిగ్గా చూసినవాళ్ల పని, వాళ్ల సిద్ధాంతం పోయినా పోదు.

రెండో ఏడాది ఫీల్డ్ మ్యాపింగ్ కడప జిల్లాలో. గండికోట దగ్గర పెన్నా నది కోసిన క్వార్ట్జైట్ పొరలు దాదాపు బల్లపరుపుగా ఉంటాయి. వేంపల్లి వైపు డోలమైట్లలో నూరు కోట్ల ఏళ్లకు ముందే బతికిన సూక్ష్మజీవులు కట్టిన స్ట్రొమటోలైట్లు ఉంటాయి. అక్కడి నుంచి తూర్పుకి నడుస్తూ పోతే పొరలు నెమ్మదిగా వాలడం మొదలై, నల్లమలలోకి వచ్చేసరికి నిటారుగా నిలబడి, మడతలు పడి, కొన్నిచోట్ల తిరగబడి ఉంటాయి. క్లైనోమీటర్‌తో డిప్ (పొర ఎన్ని డిగ్రీలు వాలిందో), స్ట్రైక్ (ఏ దిక్కుగా సాగుతోందో) రాసుకుంటూ పోతే నోట్‌బుక్కులో అంకెలు 5, 8, 12, 30, 65 అని పెరుగుతుంటాయి. తూర్పు నుంచి ఏదో గట్టిగా నెట్టిందని ఆ అంకెలే చెబుతాయి. మేముండే బడి వరండాలో ఊరివాళ్లు జొన్న రొట్టెలు, ఊరుబిండి పెట్టేవారు. బంగారం వెతకడానికి వచ్చామని వాళ్ల నమ్మకం. ఎంత చెప్పినా వాళ్లు ఆ నమ్మకం వదులుకోలేదు.

1988లో ఫెలోషిప్ రావడంతో డెహ్రాడూన్‌లోని వాడియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హిమాలయన్ జియాలజీలో చేరాను. 1968లో ఢిల్లీ యూనివర్సిటీలో చిన్నగా మొదలైన సంస్థ అది. 1976లో డెహ్రాడూన్‌కి తరలించి డి.ఎన్. వాడియా గారి పేరు పెట్టారు. జమ్మూలో కాలేజీ పాఠాలు చెప్పుకుంటూ సెలవుల్లో కొండలెక్కి, తర్వాతి కాలంలో నంగపర్బత్ దగ్గర హిమాలయ శ్రేణి ఎందుకు మోకాలిలా వంగిందో చెప్పిన మనిషి ఆయన. వెళ్లిన కొత్తలో నాకు హిందీ అంతంత మాత్రం. చలి అంటే ఏమిటో అక్కడే తెలిసింది. అమ్మ ఉత్తరాల్లో "అంత సలిలో ఏటి తింతన్నావో" అని తప్ప వేరే మాట ఉండేది కాదు. చింతపండు, మినప సున్నుండలు, అనకాపల్లి బెల్లం పార్సిల్లో వచ్చేవి. బెల్లం మాత్రం మా ల్యాబులో అందరికీ పంచాల్సి వచ్చేది.

డెహ్రాడూన్‌కి పర్వతాల చరిత్రలో ఇంకో గొప్ప సంబంధం ఉంది. సర్వే ఆఫ్ ఇండియా ప్రధాన కార్యాలయం అక్కడే. జార్జ్ ఎవరెస్ట్ హయాంలో దేశమంతా కొలుస్తున్నప్పుడు, మధ్యభారతంలోని కల్యాణ్‌పూర్‌కీ, గంగా మైదానంలోని కలియానాకీ మధ్య దూరాన్ని నేల మీద గొలుసుకట్టు త్రిభుజాలతో ఒకసారి, నక్షత్రాలు చూసి ఒకసారి కొలిచారు. రెండింటికీ 5.24 ఆర్క్ సెకన్ల (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను) తేడా వచ్చింది. నేల మీద అది సుమారు 160 మీటర్లు. కలకత్తాలో ఆర్చ్‌డీకన్‌గా ఉన్న ప్రాట్ అనే ఆయన గణితంలో దిట్ట. ఉత్తరాన ఉన్న హిమాలయాల బరువు లంబసూత్రపు గుండుని తన వైపు లాగుతోందని ఆయన అనుమానం. ఎంత లాగాలో లెక్క కడితే 15.885 సెకన్లు వచ్చింది. అసలు తేడా అందులో మూడో వంతే! కొండ అంత పెద్దదిగా ఉండి కూడా అంత బలహీనంగా లాగుతోందంటే దాని కింద ఏదో తేలికైనది ఉండాలి. 1855లో ఇంగ్లండ్ ఖగోళ శాస్త్రవేత్త ఐరీ జవాబు చెప్పాడు. కొండ పైకి ఎంత ఎత్తు కనిపిస్తే దానికి ఎన్నో రెట్ల లోతుకి, తేలికైన రాయి కింద వేరులా దిగి ఉంటుంది, ఆ వేరే కొండని మోస్తుంది. ఏ బోరింగూ లేకుండా, ఒక గుండు కొద్దిగా పక్కకి వంగడాన్ని బట్టి పర్వతాల వేర్లు కనిపెట్టారు. ఈ కథ విన్న రోజు నేను మళ్లీ మా కైలాసగిరి గురించే ఆలోచించాను. పైనుంచి వాన కోసుకుపోయిన కొద్దీ తేలికైన వేరు పైకి లేస్తుంది. మళ్లీ కోత, మళ్లీ లేవడం. పాతిక కిలోమీటర్లు పోవడానికి దారి అదే.

మా గైడు సారు కుమావూ మనిషి, మాట తక్కువ. నాకు ఇచ్చిన పని అలకనంద లోయలో మెయిన్ సెంట్రల్ థ్రస్ట్. థ్రస్ట్ అంటే ఒక వైపు రాళ్లు రెండో వైపు రాళ్ల మీదికి ఎక్కి జారిన ఏటవాలు పగులు. 1936లో స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ఆర్నాల్డ్ హైమ్, ఆగస్ట్ గాన్సర్ ఆ పేరు పెట్టారు. గాన్సర్ యాత్రికుడి వేషం వేసుకుని టిబెట్‌లోకి దాటి కైలాస పర్వతం చుట్టూ రాళ్లు చూసి వచ్చాడు. ఆ తర్వాత పిథోరాగఢ్‌కి చెందిన కె.ఎస్. వాల్దియా గారు కాలినడకన కుమావూ అంతా తిరిగి, ఆ థ్రస్ట్ ఒక్క గీత కాదని, కింద మున్స్యారీ థ్రస్ట్, పైన వైకృత థ్రస్ట్ అని విడదీసి చూపించారు. నేను పని చేసింది ఆ రెండింటి మధ్యనే. హేలంగ్ దగ్గర ఒకటి, జోషీమఠ్ దగ్గర ఇంకొకటి.

రుద్రప్రయాగ, కర్ణప్రయాగ దాటి పైకి పోతుంటే పీపల్‌కోటి చుట్టూ పలకరాళ్లు, డోలమైట్లు కనిపిస్తాయి. అవి పెద్దగా వేడెక్కినవి కావు. హేలంగ్ నుంచి పైకి ఎక్కుతున్నకొద్దీ మొదట క్లోరైట్, తర్వాత బయొటైట్, తర్వాత గార్నెట్, జోషీమఠ్ దగ్గర కయనైట్, ఇంకా పైన బదరీనాథ్ వైపు సిల్లిమనైట్. స్కాట్లాండ్‌లో బారో అనే ఆయన 1893లో ఇలాంటి వరసే రాశాడు. వేడి పెరిగిన కొద్దీ వచ్చే ఖనిజాల వరస ఇది. మామూలుగా ఎక్కువ వేడి తగిలిన రాయి కింద ఉండాలి, తక్కువది పైన. ఇక్కడ అంతా తలకిందులు. పైకి ఎక్కిన కొద్దీ ఎక్కువ లోతులో ఉడికిన రాళ్లు. చూడటానికి వచ్చే ప్రతి జియాలజిస్టూ ఇక్కడ ఆగి ఆలోచించాల్సిందే.

ల ఫోర్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త 1975లో చెప్పిన వివరణ నాకు మొదట్లో బాగా నచ్చింది. లోపల మరిగిన పెద్ద రాతి పలక థ్రస్ట్ మీదుగా జారి చల్లటి రాళ్ల మీదికి వచ్చి, ఇస్త్రీ పెట్టెలా కింది వాటిని కాల్చిందట. తర్వాతి కాలంలో, 2001 ప్రాంతంలో, బోమాంట్ బృందం కంప్యూటర్ నమూనాలతో ఇంకో మాట చెప్పింది. టిబెట్ కింద సగం కరిగి మెత్తబడిన పటలం దక్షిణానికి పారుతూ వచ్చి, రుతుపవనాల వానలు ఎక్కువగా కోసే చోట బయటికి ఉబికిందని. రెండింట్లోనూ నిజముంది. కానీ నేను నడిచిన లోయలో సాగిన గార్నెట్లు, చేపల ఆకారంలో మిగిలిన అభ్రకం చూశాక, మధ్యలో ఉన్న ఆ మండలమంతా ఒరిపిడికి సాగి, పొరలు పలచనై, ఒకదాని మీద ఒకటి దొర్లాయని, ఆ దొర్లడం వల్లే ఖనిజాల వరస అంత దగ్గర దగ్గరగా కనిపిస్తోందని నాకు అనిపించింది. థీసిస్‌లో అదే వాదించాను. ఇప్పుడైనా అదే అంటాను.

జోషీమఠ్ దగ్గర దొరికే కయనైట్ నీలంగా, పలకలుగా ఉంటుంది. నిలువుగా చాకుతో గీస్తే గీత పడుతుంది, అడ్డంగా గీస్తే పడదు. మా విశాఖ సిల్లిమనైట్, ఈ కయనైట్ రసాయనికంగా ఒకటే. అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ అదే లెక్కలో ఉంటాయి. ఒత్తిడి ఎక్కువైతే కయనైట్, వేడి ఎక్కువైతే సిల్లిమనైట్. మొదటిసారి ఆ నీలం పలక చేతిలో పట్టుకున్నప్పుడు చాలా దూరంలో సొంత ఊరివాడు కనిపించినట్టయింది. ఒకటి నాన్నకి పంపాను. ఆయన దాన్ని మార్కెట్లో కాటా పక్కన పెట్టుకుని వచ్చిన వాళ్లందరికీ చూపించేవారట.

ఫీల్డ్ అంటే పొద్దున్నే లాడ్జి నుంచి బయల్దేరి సాయంత్రం దాకా సుత్తి, క్లైనోమీటర్, గుడ్డ సంచులు. సరిహద్దు దగ్గర కాబట్టి టోపోషీట్లకి (సర్వే మ్యాపులకి) సంతకాలు చేసి తీసుకోవాలి, పోగొడితే పెద్ద టెన్షన్. బోర్డర్ రోడ్స్ వాళ్లు ఎక్కడ కొత్తగా కొండ కొడితే మాకు అక్కడ పండగ. తాజాగా విరిగిన రాతి ముఖం చూడటం కంటే ఆనందం ఏముంటుంది! అప్పట్లో జోషీమఠ్ నుంచి బదరీనాథ్‌కి బస్సుల్ని గేటు వేసి గుంపులుగా వదిలేవారు. గేటు కోసం ఆగిన బస్సుల్లో తెలుగు మాట వినిపిస్తే నేను పని ఆపి వెళ్లిపోయేవాణ్ని.

అలా ఒకసారి తణుకు వైపు నుంచి వచ్చిన ఒక మామ్మగారు నా సంచి చూసి, "ఏం బాబూ, ఇంత దూరం వచ్చి రాళ్లేరుకుంటున్నావా?" అని అడిగారు. చెప్పాను. ఆవిడ అంతా విని, "మా ఇంట్లో సాలగ్రామం ఉంది నాయనా, అదీ రాయే కదా, దాని సంగతి చెప్పు" అన్నారు. నేపాల్‌లో గండకీ నదిలో దొరికే ఆ నల్లటి రాళ్లు సుమారు 15 కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో బతికిన అమ్మొనైట్ అనే జీవుల శిలాజాలని, లోపలి చక్రం ఆ జీవి గుల్లేనని, ఇండియాకీ టిబెట్‌కీ మధ్య టెథిస్ అనే సముద్రం ఉండేదని, ఏడాదికి 15 సెంటీమీటర్లకు పైగా వేగంతో ఉత్తరానికి వచ్చిన మన ఖండం సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియాకి గుద్దుకోవడంతో ఆ సముద్రం మూసుకుపోయి, దాని అడుగు ఈ కొండలుగా లేచిందని చెప్పాను. ఎవరెస్ట్ శిఖరం కూడా సున్నపురాయే, అందులోనూ సముద్ర జీవుల ముక్కలున్నాయని చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే స్వామి సముద్రంలో ఉన్నాడన్నది అబద్ధం కాదన్నమాట" అన్నారు. నేను అవునన్నాను. ఆవిడ నాకు పూతరేకుల పొట్లం ఇచ్చి బస్సెక్కారు. ఆవిడ పేరు అడగలేదు. ఆ తర్వాత ఎన్నో సెమినార్లలో మాట్లాడాను గానీ అంత శ్రద్ధగా విన్నవాళ్లు తక్కువ.

తెచ్చిన రాళ్లతో అసలు పని ల్యాబులో. కొండ ఎంత వేగంగా పైకి వచ్చిందో తెలుసుకోవడానికి ఫిషన్ ట్రాక్ పద్ధతి వాడాను. అపటైట్ అనే ఖనిజంలో కొద్దిగా యురేనియం ఉంటుంది. యురేనియం పరమాణువు తనంతట తాను చీలినప్పుడు ఆ రేణువులో మిల్లీమీటర్‌లో అరవయ్యో వంతు పొడవున ఒక గాయం మిగులుతుంది. రాయి 110, 120 డిగ్రీల కంటే వేడిగా ఉన్నంతకాలం గాయాలు మానిపోతాయి. అంతకంటే చల్లబడితే నిలిచిపోతాయి. కాబట్టి గాయాలు లెక్కపెడితే, ఆ రాయి నాలుగు కిలోమీటర్ల లోతు నుంచి పైకి ఎప్పుడు బయల్దేరిందో తెలుస్తుంది. రాయిని దంచి, జల్లించి, బరువైన ద్రవాల్లో తేల్చి, అపటైట్ గింజలు ఏరి, పాలిష్ పట్టి, నైట్రిక్ ఆమ్లంలో ఇరవై సెకన్లు ముంచి, ట్రాంబేలో రియాక్టర్‌కి పంపించి, తిరిగి వచ్చాక మైక్రోస్కోపు ముందు కూర్చుని ఒక్కో గాయం లెక్కపెట్టాలి. కళ్లు నీళ్లు కారేవి. వయసులు 10 లక్షల నుంచి 40 లక్షల సంవత్సరాల మధ్య వచ్చాయి. భూమి వయసులో ఇది నిన్న మొన్నటి సంగతి. 20 లక్షల ఏళ్లు తీసుకుంటే ఏడాదికి రెండు మిల్లీమీటర్ల వేగం. వింటే తక్కువే అనిపిస్తుంది, కానీ ఆ వేగంతో పది లక్షల ఏళ్లకు రెండు కిలోమీటర్ల రాయి పోతుంది.

1991 అక్టోబరు 20 తెల్లవారుజామున మూడు గంటలకు కాస్త ముందు డెహ్రాడూన్‌లో హాస్టల్ మంచం కదిలింది. ఉత్తరకాశీ భూకంపం, తీవ్రత 6.8. ఏడొందల మందికి పైగా పోయారు. కొద్ది రోజుల్లో మా వాళ్లతో నేనూ వెళ్లాను. గవానా దగ్గర ఉక్కు వంతెన కూలిపోయి ఉంది. బురద, రాళ్లు పేర్చి కట్టిన ఇళ్లు ఊళ్లకు ఊళ్లు నేలమట్టం. కర్ర దూలాలు, రాళ్లు వరసలుగా పేర్చి కట్టిన పాత కాలపు ఎత్తైన ఇళ్లు మాత్రం చాలాచోట్ల నిలబడ్డాయి. ఒక ఊళ్లో ఒకాయన, కూతుర్ని పోగొట్టుకున్న మనిషి, నా చేతిలో సుత్తి చూసి, "బాబూజీ, ఈ కొండ ఎందుకు ఇలా చేసింది?" అని అడిగాడు. ఇండియా ఏటా నాలుగైదు సెంటీమీటర్లు ఉత్తరానికి కదులుతోంది, అందులో సుమారు రెండు సెంటీమీటర్ల నొక్కుడు హిమాలయం మీదే పడుతుంది, కింద పది పదిహేను కిలోమీటర్ల లోతులో ఏటవాలు పగులు బిగుసుకుపోయి ఉంటుంది, బిగువు ఆగలేనంత అయినప్పుడు ఒక్కసారిగా జారుతుంది. నాకు తెలిసిన హిందీలో ఇదంతా చెప్పాను. "అయితే మళ్లీ వస్తుందా?" అన్నాడు. వస్తుందన్నాను. ఇల్లు ఎలా కట్టుకుంటే మంచిదో, ఆ నిలబడిన ఇళ్లు చూపించి చెప్పాను. ఆ రోజు నుంచి నా పనిలో ఒక భాగం ఎప్పుడూ ఊళ్ల వాళ్లతో మాట్లాడటానికి పెట్టుకున్నాను. 1999లో చమోలీ భూకంపం వచ్చినప్పుడు కూడా వెళ్లాను.

థీసిస్ అయ్యాక తిరిగి మన వైపు వచ్చేశాను. ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. వాటి గురించి ఇక్కడ రాయను. పరిశోధన మాత్రం తూర్పు కనుమల మీదికి మళ్లింది. హిమాలయంలో ఇప్పుడు లోతున ఏం జరుగుతోందో మనం పైనుంచి ఊహించాలి. అరకు, పాడేరు ఘాట్ రోడ్డులో అలాంటి లోతు రాళ్లే చేతికి అందుతాయి. ఒకటి బతికున్న పర్వతం, ఇంకొకటి దాని లోపలి భాగం కోసి చూపించినట్టుండే పర్వతం. రెండూ చూసినవాడికి రెండూ బాగా అర్థమవుతాయని నా నమ్మకం, విద్యార్థులకీ అదే చెప్పేవాణ్ని. అంటార్కిటికా తూర్పు భాగంలో రేనర్ ప్రాంతపు రాళ్లు, మన తూర్పు కనుమల రాళ్లు దాదాపు ఒకే కాలంలో, వంద నుంచి తొంభై కోట్ల ఏళ్ల కిందట, ఒకే రకం వేడిలో ఉడికాయి. అప్పుడవి రెండూ ఒకే పర్వత శ్రేణి. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట విడిపోయి, మధ్యలో సముద్రం వచ్చింది. అంటార్కిటికా నుంచి వచ్చిన ఒక థిన్ సెక్షన్‌ని (పలచగా అరగదీసిన రాతి ముక్కని) పాడేరు సెక్షన్ పక్కన పెట్టి చూపిస్తే మా పిల్లలు ఏది ఏదో చెప్పలేకపోయేవారు. సఫిరిన్ అదే నీలం, స్పినెల్ అదే ఆకుపచ్చ.

2023 జనవరిలో జోషీమఠ్ ఇళ్లు పగుళ్లిస్తున్నాయని వార్తలొచ్చాయి. నేను బస చేసిన లాడ్జి యజమాని చాలా ఏళ్ల కిందటే పోయారు. ఆయన కొడుకు ఫోన్ చేశాడు. నేను చూసినప్పుడు అతను బడికెళ్లే పిల్లాడు, నా రాళ్ల సంచులు మోసిపెట్టి మిఠాయికి డబ్బులు అడిగేవాడు. ఆ ఊరు కూర్చుంది గట్టి రాయి మీద కాదు, ఎప్పుడో కొండ మీది నుంచి జారి పడిన రాళ్లు, మట్టి కుప్ప మీద. మెయిన్ సెంట్రల్ థ్రస్ట్ మండలంలోనే ఉంది. 1976లోనే మిశ్రా కమిటీ ఈ మాట రాసి, బరువైన కట్టడాలు, పేలుళ్లు వద్దని చెప్పింది. నేను అతన్ని పగుళ్లు ఏ దిక్కుగా ఉన్నాయి, వాలుకి అడ్డంగానా నిలువుగానా, తలుపులు బిగుసుకుంటున్నాయా, కొత్తగా నీళ్లు ఎక్కడైనా ఊరుతున్నాయా అని అడిగాను. అన్నీ విన్నాక ఆ వారంలోనే ఖాళీ చేయమన్నాను. తండ్రి కట్టిన ఇల్లు వదలడం అతనికి చాలా కష్టమైంది, నాకూ ఆ మాట చెప్పడం కష్టమే అయింది. ఇప్పుడు పీపల్‌కోటిలో అద్దెకుంటున్నాడు. నెలకోసారి పాత ఇంటికెళ్లి, పగుళ్ల పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపుతాడు. నేను తేదీ వేసి వెడల్పు నోట్‌బుక్కులో రాస్తున్నాను. పోయిన వానాకాలంలో పశ్చిమం గోడ దగ్గర ఒకటి పెరిగింది, మిగతావి నిలకడగా ఉన్నాయి.